పంపేది పదివేలు... దారిలో పోయేదెంత?

సంక్రాంతి దాటిందంటే మా వైపు పల్లెల్లో ఇళ్లకంటే చేల గట్లే సందడిగా ఉంటాయి. ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు... ఎటు చూసినా ఎర్రటి కళ్లాలే. దారిన పోయేవాళ్లకి కూడా తుమ్ములు తప్పవు. ఆ కళ్లాల పక్కనే నీలం పట్టాలతో వేసుకున్న గుడారాలు కనిపిస్తాయి. కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని వైపు నుంచి కాయ కోతకి వచ్చిన వాళ్లవి. అంతకు ముందు పత్తి తీతకి వచ్చి, అట్నుంచి అటే మిరప కోతకి దిగిన కుటుంబాలూ ఉంటాయి. ఇంటిదగ్గర ముసలివాళ్లనీ, బడికెళ్లే పిల్లల్నీ వదిలిపెట్టి, నెలల తరబడి ఇక్కడే ఉంటారు. వాళ్లు వారానికోసారి చేసే ఒక పని గురించి రాద్దామని ఈ వ్యాసం మొదలుపెట్టాను. అదే, ఇంటికి డబ్బు పంపడం.

"దుడ్లు పంపనీకి దుకాణానికి పోతాము మేడమ్. వెయ్యికి పది తీసుకుంటాడు" అంది ఒకావిడ. దుడ్లంటే డబ్బులే లెండి, అక్కడి మాట. వెయ్యికి పదంటే నూటికి రూపాయి. ఏముందిలే అనిపిస్తుంది వినగానే. నాకూ పెద్దగా అనిపించలేదు. కానీ ఆ గుంపులో పన్నెండు మంది ఆడవాళ్లున్నారు. వారం వారం మనిషికి మూడు వేలు పంపుతున్నారు. అంటే మనిషికి ముప్ఫై, గుంపుకి 360 రూపాయలు. పది వారాల కోతకి 3,600. అక్షరాలా మూడువేల ఆరు వందలు ఆ మిరపచేను పక్కనుంచి కోసిగి చేరేలోపు దారిలో ఆగిపోతున్నాయి.

అదే మూడు వేలు బ్యాంకు కౌంటర్‌లో నెఫ్ట్ ఫారం రాసి పంపితే ఎంతవుతుందో తెలుసా? పదివేల లోపు మొత్తానికి రెండున్నర రూపాయలకి మించి తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2 రూపాయల 95 పైసలు. ముప్ఫై ఎక్కడ, మూడు రూపాయలెక్కడ!

ఈ లెక్క ఆవిడకి చెప్పాను. ఆవిడ నవ్వింది. "మీ బ్యాంకు మండలంలో ఉంది. ఆటోకి పోను రాను నలభై. పొద్దున పోతే మధ్యానం దాకా లైను. సగం రోజు కూలి రెండొందలు పాయె. ఇంగ మూడు రూపాయలు ఎట్లయితుంది మేడమ్, రెండొందల నలభై మూడు అయితుంది గాని" అంది. చదువుకోలేదు, కానీ లెక్కలో నాకంటే గట్టిది. రుసుముల పట్టిక చూసి మనం సలహాలిచ్చేస్తాం గానీ, ఆ పట్టికలో ఆటో చార్జీ, పోయిన కూలి ఉండవు కదా! చీకటి పడ్డాక గుడారం దగ్గరికి వచ్చి, ఫోన్లోనే పంపి, అక్కడికక్కడే "పోయినయ్యమ్మా" అని చెప్పే కుర్రాడికి ముప్ఫై ఇవ్వడంలో అర్థం ఉంది. అతన్ని దొంగని చేసి రాయడం నాకిష్టం లేదు.

అయినా ఒక తేడా ఉంది. దాన్ని ఆవిడే పట్టుకుంది, నేను పట్టిక చదివి వినిపిస్తుంటే. దుకాణం వాడిది శాతం లెక్క. ఎంత పెరిగితే అంత పెరుగుతుంది. బ్యాంకుది అంచెల లెక్క. మూడు వేలకైనా, తొమ్మిది వేలకైనా అదే 2.95. "అయితే మూడు వారాలవి ఒక్కసారి పంపితే?" అంది. దుకాణంలో తొంభై, బ్యాంకులో మూడు. మబ్బు పట్టి కోత ఆగిన రోజు చూసుకుని వెళ్తే కూలి కూడా పోదు. ఇంట్లో అత్త మూడు వారాలు ఆగగలదా అన్నది మాత్రం వేరే సంగతి. ఆ మాట దగ్గర ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

ఇంకో మాట. బ్యాంకులో ఖాతా లేకపోయినా, నగదు కట్టి, ఒక్కో దఫా యాభై వేల వరకు నెఫ్ట్ ద్వారా వేరే బ్యాంకు ఖాతాకి పంపుకునే వీలు నిబంధనల్లో ఉంది. పేరు, చిరునామా, ఫోన్ నంబరు వివరాలివ్వాలి. అలాగే బ్యాంకు తరఫున ఊళ్లో పనిచేసే "బ్యాంకు మిత్ర" తనంతట తాను జనం దగ్గర రుసుము వసూలు చేయకూడదు. అతని కమీషను బ్యాంకే ఇస్తుంది. వేలిముద్ర వేయించుకుని డబ్బు తీసిచ్చి, అందులోంచి పదో ఇరవయ్యో మినహాయించుకుంటుంటే రసీదు అడగండి. రసీదు అనగానే చాలాచోట్ల ఆ పదీ మాయమైపోతుంది!

మనియార్డరు నాటి ముచ్చట

మా అమ్మమ్మ కాలంలో డబ్బు పంపడమంటే మనియార్డరే. ఇరవై రూపాయలకి రూపాయి కమీషను. అంటే నూటికి ఐదు. పోస్ట్‌మాన్ తెచ్చి చేతిలో పెట్టేవాడు, పండగైతే వాడికో అర్ధరూపాయి. కాస్త పెద్ద మొత్తమైతే బ్యాంకులో డీడీ తీసి రిజిస్టరు పోస్టులో పంపేవాళ్లు. అత్యవసరమైతే టీటీ, తంతి ద్వారా. ఇప్పుడా తంతే లేదు, 2013 జులైలో ఆపేశారు.

ఆర్టీజీఎస్ 2004 మార్చిలో, నెఫ్ట్ 2005 నవంబరులో మొదలయ్యాయి. ఆ రెండూ వచ్చినప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు మన కడప జిల్లాకి చెందిన వై.వి.రెడ్డి గారు. 2010 నవంబరులో ఐఎంపీఎస్ వచ్చేనాటికి ఆ కుర్చీలో దువ్వూరి సుబ్బారావు గారున్నారు. ఆయనా మనవారే. 2016లో యూపీఐ వచ్చింది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలే అయినా మా యార్డులో ఎవరికీ తడబాటు లేదు. "ఆర్టీజీయస్ కొట్టాడా?" అని పంచె కట్టిన పెద్దాయన కూడా అడుగుతాడు. (ప్రభుత్వంలో ఇదే పేరుతో ఇంకో ఆర్టీజీఎస్ ఉంది, రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ. రెండూ ఒకటేననుకున్న వాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.)

పట్టీలో చేరిన గీత

గుంటూరు మిర్చియార్డు సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. టిక్కీలు దిగడం, నాణ్యం చూడ్డం, కాటా, చివరికి కమీషన్ వ్యాపారి చేతి పట్టీ. ఒకప్పుడు ఆ పట్టీతోపాటు నోట్ల కట్టలు సంచిలో వేసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఊరు చేరేవాళ్లు. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకరి దగ్గర ఒకే రోజున రెండు లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపన్ను చట్టం చెబుతోంది. అందుకే పెద్ద మొత్తాలు ఖాతాకే వస్తున్నాయి. పత్తి అయితే కాటన్ కార్పొరేషన్ కొన్నది నేరుగా రైతు ఖాతాకే జమ అవుతుంది.

మా పిన్ని ఏడెకరాలు కౌలుకి చేస్తుంది. బాబాయి పోయాక ఆవిడే. మొన్న సీజనులో ఆవిడ పట్టీ నాకు చూపించింది. కమీషను, హమాలీ, కాటా కూలి... ఆ వరసలో చివరగా "బ్యాంకు ఖర్చు 200" అని ఒక గీత. "ఇదేంటి పిన్నీ?" అన్నాను. "ఆర్టీజీయస్‌కి అవుద్దంటమ్మాయ్. అందరికీ అట్టానే వేత్తన్నారు" అంది.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. డబ్బు అందుకునేవాళ్ల దగ్గర బ్యాంకు ఒక్క పైసా తీసుకోకూడదు. నెఫ్ట్ అయినా, ఆర్టీజీఎస్ అయినా, లోపలికి వచ్చే డబ్బుకి రుసుము లేదు. పంపేవాళ్లకే రుసుము, అదీ కౌంటర్‌లో అయితే గరిష్ఠంగా ఇంత అని ఉంది. నెఫ్ట్‌లో పదివేల నుంచి లక్ష దాకా 5 రూపాయలు, లక్ష దాటి రెండు లక్షల వరకు 15, ఆపైన 25. ఆర్టీజీఎస్ అసలు మొదలయ్యేదే రెండు లక్షల దగ్గర. అక్కణ్నుంచి ఐదు లక్షల వరకు 24 రూపాయల 50 పైసలు, ఐదు లక్షలు దాటితే 49.50. వీటి మీద జీఎస్టీ అదనం. అంటే పది లక్షలు పంపినా, కోటి పంపినా 58 రూపాయల 41 పైసలు దాటదు. మా పిన్నికి వచ్చింది మూడు లక్షల చిల్లర. దానికి నిజంగా అయ్యే ఖర్చు 28.91. అదైనా పంపినవాడిది. మరి రెండొందలు ఏ బ్యాంకు తీసుకున్నట్టు?

మర్నాడు ఆవిడతోపాటు నేనూ వెళ్లాను. పిన్ని నాకంటే మెత్తగా మాట్లాడింది. "బాబూ, ఆ బ్యాంకు రసీదు ఒకటి నాకు జెరాక్సు ఇప్పించవయ్యా, మా అమ్మాయి చూడాలంటంది" అంది. గుమాస్తా లోపలికెళ్లి వచ్చి, "పొరపాటున పడిందమ్మా" అని రెండొందలు చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక పిన్ని అన్న మాట: "రెండొందలు సరే. మిగతా అందరి పట్టీలోనూ పొరపాటేనా?" ఆ ప్రశ్నకి ఆ కొట్టు దగ్గర సమాధానం దొరకలేదు.

ఫోన్లోంచి పంపితే

2019 జులై 1 నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్‌ల మీద బ్యాంకుల దగ్గర తాను వసూలు చేసే రుసుముని రిజర్వు బ్యాంకు ఎత్తేసింది. 2020 జనవరి 1 నుంచి పొదుపు ఖాతాదారులు ఫోన్లోనో, ఇంటర్నెట్లోనో నెఫ్ట్ చేస్తే బ్యాంకులు ఏమీ తీసుకోకూడదని ఆదేశించింది. అంటే ఫోన్లో నెఫ్ట్ పూర్తిగా ఉచితం. పైగా 2019 డిసెంబరు 16 నుంచి ఇరవై నాలుగు గంటలూ, ఆదివారం కూడా. అరగంటకో విడత చొప్పున రోజుకి 48 విడతలు. ఆర్టీజీఎస్ కూడా 2020 డిసెంబరు 14 నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది.

ఐఎంపీఎస్ సంగతి వేరు. ఇది క్షణాల్లో చేరుతుంది, కానీ రుసుము ఎంతన్నది ఆ బ్యాంకు ఇష్టం. ఉదాహరణకి స్టేట్ బ్యాంకు 2025 ఆగస్టు 15 నుంచి ఆన్‌లైన్ ఐఎంపీఎస్‌లో పాతికవేలు దాటితే కొద్దిపాటి రుసుము పెట్టింది. అదే ఫోన్, అదే బ్యాంకు, అదే డబ్బు. నొక్కే మీట మారితే ఖర్చు మారుతుంది! ఓ గంట ఆలస్యమైనా ఫర్వాలేదనుకునే డబ్బుకి నెఫ్ట్ నొక్కితే సరి. చిన్న మొత్తాలకి యూపీఐ ఎలాగూ ఉంది. మనిషికీ మనిషికీ మధ్య పంపుకోడానికి దానికి రుసుము లేదు. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కూతురు, అక్కడ బ్యాంకు నుంచి బ్యాంకుకి వైర్ పంపితే పాతిక, ముప్ఫై డాలర్లు పోతాయని చెప్పినప్పుడు, టీ కొట్టు దగ్గర పది రూపాయలు ఉచితంగా పంపే మన పద్ధతి ముచ్చటేసింది.

మరీ మురిసిపోకండి. పేదవాళ్ల కోసమని తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాల్లో నెలకి నాలుగు దాటిన ప్రతి ఖర్చు లావాదేవీకీ స్టేట్ బ్యాంకు 17 రూపాయల 70 పైసలు వసూలు చేసిందని 2021లో ఐఐటీ బొంబాయి అధ్యయనం బయటపెట్టింది. అందులో యూపీఐ ద్వారా పంపినవీ ఉన్నాయి. డిజిటల్ చెల్లింపుల మీద 2020 జనవరి 1 తర్వాత తీసుకున్న రుసుములు తిరిగిచ్చేయమని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2020 ఆగస్టులోనే బ్యాంకులకి చెప్పింది. యాభై రూపాయలు పంపితే పదిహేడున్నర పోయిన వాళ్లెంతమందో! వాళ్లలో పాస్‌బుక్ ప్రింటు వేయించుకుని ఆ గీత చూసుకున్నది ఎందరు? ఆర్నెల్లకోసారైనా ప్రింటు వేయించుకోండమ్మా. చిన్న చిన్న కోతలు మెసేజ్‌లో కనబడకపోవచ్చు, పుస్తకంలో దొరుకుతాయి.

మెసేజ్ అంటే గుర్తొచ్చింది. గుడారాల దగ్గర నేనడిగిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఖాతా సొంతమే. ఖాతాకి కలిపిన ఫోన్ నంబరు మాత్రం మొగుడిదో, కొడుకుదో. అంటే ఉచితంగా పంపే దారి వాళ్ల చేతిలో లేదు. "ఆయప్ప ఫోన్కే టింగుమంటుంది. టింగుమన్నంక దుడ్లు ఉండవు" అంది ఒకమ్మాయి, అందరూ ఘొల్లున నవ్వారు. నవ్వులోంచే ఇంకొకామె చెప్పింది. దుకాణంలో ముప్ఫై పోయినా తను అక్కడే పంపడానికి కారణం అదేనట. నగదు చేతిలో ఉండగానే తల్లి ఖాతాకి వేసేస్తే, ఇంట్లో ఎవరికీ లెక్క తెలీదు. ఆ ముప్ఫై ఆమెకి రుసుము కాదు, కాపలా కూలి.

అలాంటి వాళ్లకి చెప్పదగింది ఒకటే కనిపించింది. తన పేరున ఓ సిమ్ము తీసుకుని, బ్యాంకుకెళ్లి ఆ నంబరు ఖాతాకి కలిపించుకోవడం. స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు. 2022 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, మామూలు బటన్ల ఫోన్ల కోసం యూపీఐ 123 పే అని మొదలుపెట్టారు. ఫోన్ చేసి, అవతల గొంతు చెప్పినట్టు అంకెలు నొక్కి పంపుకోవచ్చు. మొదట్లో ఒకసారికి ఐదు వేలే, తర్వాత పదివేలు చేశారు. ముందుగా పిన్ పెట్టుకోవడం దగ్గర ఎవరైనా చదువుకున్న పిల్ల పక్కనుండాలి. ఆ పిల్లకి కూడా పిన్ చెప్పకూడదు. మన పొదుపు సంఘాల్లో ఇది నేర్పితే ఎంత బాగుండు అనిపించింది. నెల నెలా సమావేశం జరుగుతూనే ఉంటుందిగా.

ఒక్క అంకె

రుసుము కంటే భయపడాల్సింది ఇంకోటుంది. మా వీధిలో ఒకావిడ కూతురి హాస్టలు ఫీజు అరవై వేలు నెఫ్ట్ చేసింది. ఖాతా నంబరులో ఒక అంకె తారుమారైంది. పేరు సరిగ్గానే రాసింది పాపం! కానీ డబ్బు జమ చేసేది నంబరు చూసే, పేరు చూసి కాదు. అరవై వేలు ఎవరి ఖాతాలోనో పడ్డాయి. రెండు బ్యాంకుల చుట్టూ నాలుగు నెలలు తిరిగాక వచ్చాయి. ఈలోగా ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టింది. ఆ వడ్డీ ముందు 5 రూపాయల 90 పైసల రుసుము ఏపాటిది?

ఇప్పుడు దీనికో మార్గం వచ్చింది. నెఫ్ట్, ఆర్టీజీఎస్ పంపేముందు ఆ నంబరు ఎవరి పేరున ఉందో చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులన్నీ పెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. దీనికి ఖాతాదారు దగ్గర డబ్బు తీసుకోకూడదు. కౌంటర్‌లో పంపినా సరే, "పేరు ఒకసారి చూడండి సార్" అని అడగండి. అడిగే హక్కు మీది.

డబ్బు మీ ఖాతాలోంచి పోయి అవతల పడకపోతే? నెఫ్ట్‌లో ఆ విడత పూర్తయిన రెండు గంటల్లో జమ కావాలి, లేదా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రెపో రేటు మీద ఇంకో రెండు శాతం కలిపి వడ్డీ కట్టాలి, మనం అడక్కపోయినా. ముందు మీ బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నంబరు తీసుకోండి. ముప్ఫై రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు. ఈ ఫిర్యాదుకి రుసుము లేదు.

అన్నట్టు, పాత పాస్‌బుక్కులున్న వాళ్లకి ఒక మాట. మనందరి ఇళ్లలోనూ ఆంధ్రా బ్యాంకు పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. పుస్తకం మీదున్న ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ 2021 ఏప్రిల్ నుంచి చెల్లడం లేదు. గ్రామీణ బ్యాంకుల వాళ్లూ చూసుకోవాలి. గుంటూరు వైపు చైతన్య గోదావరి, ప్రకాశం వైపు ప్రగతి, ఇవన్నీ 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి. కాబట్టి ఊరికి డబ్బు పంపేముందు అవతలివాళ్లని ఒక్కసారి బ్యాంకుకెళ్లి, ఇప్పుడు నడుస్తున్న కోడ్ పుస్తకం మీద రాయించుకుని, ఫోటో తీసి పంపమనండి. పదకొండు అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఐదోది ఎప్పుడూ సున్నాయే, దాన్ని 'ఓ' అని రాయొద్దు. కౌంటర్‌కి వెళ్లేటప్పుడు పెన్ను మాత్రం ఇంటినుంచి తీసుకెళ్లండి. అక్కడ తాడుకి కట్టి ఉంచిన దాంట్లో ఇంకు ఉండదు.